మన నగరపు డ్రోన్లు, మన బాధ్యత

(చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గాజా మనకు ఎంతో దూరమని అనుకుంటాము. కాని ఆ యుద్ధానికి వెళ్లే దారుల్లో ఒకటి మన నగరంలోనే మొదలవుతున్నది. అదానీ, ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ సంస్థలు కలిసి 2018 డిసెంబర్‌లో హైదరాబాదులో హెర్మిస్ 900 డ్రోన్ల కర్మాగారాన్ని ప్రారంభించాయి. ఇక్కడి నుండి 20కి పైగా డ్రోన్లు ఇజ్రాయెల్‌కు వెళ్లాయని 2024 ఫిబ్రవరిలో పత్రికలు వెల్లడించాయి.

మన నౌకాదళానికీ ఈ సంస్థే డ్రోన్లు అందించింది. దేశ రక్షణను మేము ప్రశ్నించడం లేదు. పసిబిడ్డల మీద బాంబులు కురిపిస్తున్న సైన్యానికి అమ్మి గడించే లాభాన్నే ప్రశ్నిస్తున్నాము.

అశోక్‌నగర్ అద్దె గదుల్లో, చిక్కడపల్లి గ్రంథాలయంలో రాత్రింబగళ్లు చదివే మన పిల్లలు, "అక్కడ ఉద్యోగం వస్తే వదులుకోవాలా?" అని అడగవచ్చు. వారిని నిందించే అర్హత మాకు లేదు. అయితే ఉద్యోగంలో ఉంటూనే నోరు విప్పినవారు ఉన్నారు. 2024 ఫిబ్రవరిలో మన ఓడరేవుల కార్మిక సమాఖ్య, ఇజ్రాయెల్‌కు వెళ్లే ఆయుధాలను ఓడలకెక్కించబోమని ప్రకటించింది.

నోరు విప్పితే తమ పిల్లల మీద ముద్ర వేస్తారని తల్లులు భయపడుతున్నారు. ఆ భయం అకారణమైనది కాదు. కాని ఇది ముస్లింల సమస్య మాత్రమే కాదు. ఆయుధ ఎగుమతులు ఆపాలని సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో విశ్రాంత ఉన్నతాధికారులు, మేధావులు ఉన్నారు. విదేశాంగ విధానంలో జోక్యం చేసుకోలేమంటూ 2024 సెప్టెంబర్‌లో న్యాయస్థానం ఆ పిటిషన్‌ను తోసిపుచ్చింది. కనుక అడగవలసిన బాధ్యత ప్రజల మీదనే పడింది. అంతర్జాతీయ శాంతికి పాటుపడాలని రాజ్యాంగం 51వ అధికరణం ప్రభుత్వానికి నిర్దేశిస్తున్నది. ఆ మాటనే మనము గుర్తు చేద్దాము.

అడిగితే ఫలితం ఉంటుందా? ఉంటుంది. నిరసనలు ఎదుర్కొన్న జపాన్ సంస్థ ఇటోచు, అంతర్జాతీయ న్యాయస్థానం ఉత్తర్వుల తరువాత 2024లో ఎల్బిట్‌తో ఒప్పందాన్ని ముగించింది. నార్వే ప్రభుత్వ పింఛను నిధి 2009లోనే ఎల్బిట్ వాటాలను వదులుకున్నది. మన ఇళ్లలో ఎల్‌ఐసీ పాలసీలు ఉన్నాయి. ఆ ఎల్‌ఐసీకి అదానీ సంస్థల్లో వాటాలున్నాయి. మన పొదుపు ఏ వ్యాపారానికి చేరుతున్నదో అడిగే హక్కు పాలసీదారుకు లేదా?

కనుక మూడు పనులు కోరుతున్నాము. ప్రతి కుటుంబం ఎల్‌ఐసీకి ఒక లేఖ రాయాలి. మన శాసనసభ్యునికి, పార్లమెంటు సభ్యునికి అన్ని మతాల ఇరుగుపొరుగు సంతకాలతో వినతిపత్రం ఇవ్వాలి. అనుమతి తీసుకొని, ఇందిరాపార్కు ధర్నాచౌక్‌లో శాంతియుతంగా కూర్చోవాలి.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మఖ్దూం మొహియుద్దీన్ యుద్ధానికి వెళ్లే సిపాయి దుఃఖాన్ని పాటగా రాశాడు. ఆయన పేరిట భవనం మన పక్కనే, హిమాయత్‌నగర్‌లో ఉన్నది. ఆ కవి నగరం నుండి మృత్యువు ఎగుమతి అవుతుంటే మౌనంగా ఉండలేము. మీరూ ఉండవద్దని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాము.