బీరపాదును హరిత భవనమును

హైదరాబాదునందలి పెద్ద కార్యాలయముల ముంగిట "హరిత భవన"మను పలకను మీలో పలువురు చూచియే యుందురు. ఆ పలకకును శివ్వంపేటలోని బీరపాదునకును నడుమ నొక సంబంధము గలదని నేడు నేను మనవి చేయబూనితిని. వినుటకిది వింతగా నుండవచ్చును. కాని మెదకు జిల్లాలో మీ వైపునకు నగరము నానాటికి జరిగి వచ్చుచున్నది. తూప్రాను, మనోహరాబాదుల చెంత కర్మాగారములును గిడ్డంగులును వెలసినవి. పొలములు ఇంటి స్థలములగుచున్నవి. పొలము గట్టు ప్రక్కన గోడ లేచినప్పుడు, ఆ గోడ కావల నున్నవారేమి నాటుదురో, ఏమి చల్లుదురో, రాత్రి యెన్ని దీపములు వెలిగింతురో, దాని ఫలితము మీ పాదుమీదనే పడును.

ముందుగా ఆ పలక మాట. అది పరీక్షలో వచ్చిన తరగతివంటిది. అమెరికాలో పుట్టిన లీడ్ అను పద్ధతిలో మొత్తము 110 మార్కులు గలవు. 40 వచ్చిన భవనము ఉత్తీర్ణమగును. 80 గాని అంతకు మించి గాని వచ్చినదానికి ప్లాటినము తరగతి నిత్తురు. అమెరికా వెలుపల ఆ తరగతిని మొట్టమొదట బడసినది మన హైదరాబాదులోని సోరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రమే. నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు 2004 జూలై 14న దానిని ప్రారంభించిరి. వాడిన నీటిని మొక్కల వేళ్లనడుమ పారించి శుభ్రపరచుటయు, కప్పుమీద తోట పెంచుటయు నచ్చట గలవు. పిమ్మట 2014లో వెల్ అను మరియొక పద్ధతి వచ్చినది. అది భవనముకంటె భవనములో పనిచేయు మనుష్యుల ఆరోగ్యమునే ముఖ్యముగా విచారించును. వారు పీల్చు గాలి, త్రాగు నీరు, తిను తిండి, పడు వెలుతురు, తాకు వస్తువులు, వారి మనస్సు, ఇట్లు పది శీర్షికలక్రింద అది ప్రశ్నలు వేయును.

ఈ పరీక్షలు తేనెటీగల నెంచుటకై పుట్టినవి కావు. అయినను వానికి మేలుచేయు పనులు కొన్ని వీనిలో మార్కులు దెచ్చును. స్థానిక వృక్షజాతులను పెంచుట, క్రిమిసంహారక మందుల వాడుక తగ్గించుట, రాత్రి దీపములను అదుపులో నుంచుట అట్టివి. వీనిలో దీపముల సంగతినే కొంచెము విస్తరించి చెప్పెదను, ఏలయన దానిని తలచువారు తక్కువ.

బీర, సొర, గుమ్మడి మొదలగు పాదులయందు మగపూవు వేరు, ఆడపూవు వేరు. మగపూవులోని పుప్పొడిని ఆడపూవునకు చేర్చు పురుగు లేనిచో పిందె పసుపువన్నె తిరిగి రాలిపోవును. రైతు నీరు చాలలేదనుకొనును, తెగులనుకొనును, మరియొక మందు తెచ్చి చల్లును. ఆ మందుతో మిగిలిన పురుగులును చచ్చును. గుమ్మడిపూవు తెల్లవారునప్పటికి విచ్చి మధ్యాహ్నమునకు ముడుచుకొనును గనుక దానికి ప్రొద్దుటి తేనెటీగ కావలెను. బీర, సొర పూవులన్ననో ప్రొద్దు గ్రుంకు వేళ విచ్చును. వానికి రాత్రి తిరుగు చిమ్మటలును ఉపకారులు. పాదు ప్రక్కనే గిడ్డంగిగోడపై తెల్లవార్లు తెల్లని దీపములు మండుచుండినచో, ఆ చిమ్మటలు పూవును విడిచి దీపము చుట్టును తిరుగును. వెలుతురు పైకిని పొరుగు నేలకును పోకుండ దీపములకు మూకుడు దిగవేసినచో లీడ్ పరీక్షలో మార్కు గలదు. ఆ మార్కు భవనమువానిది, కాయ మీది.

ఇక వంగ. దాని పుప్పొడి చిన్న గొట్టములలో బిగిసియుండును. పూవును పట్టుకొని ఝుమ్మని కదలించు ఈగ వచ్చిననే అది బాగుగ రాలును. తేనెటీగకు ఆ విద్య రాదు. గండుతుమ్మెదకును, పొట్టమీద నీలి చారలుగల చిన్న ఈగకును వచ్చును. గండుతుమ్మెద ఎండుకొయ్యలో తొలుచుకొని కాపురముండును. నీలిచారల ఈగ మెత్తని మట్టిలోను, పాత మట్టిగోడలలోను గూడు చేయును. ఆవరణమంతయు సిమెంటుతో కప్పివేసినచోట వీనికి నిలువ నీడ లేదు. పచ్చగడ్డి పరచి, నాలుగు విదేశపు తాటిజాతి చెట్లు నిలిపి హరితమనుట నా దృష్టిలో రంగు వేసుకొనుటయే గాని వేరు కాదు.

మందుల సంగతి. ఇమిడాక్లోప్రిడ్ మీ పత్తిచేలకు తెలిసినదే. అది మొక్క అంతట వ్యాపించి పుప్పొడిలోను తేనెలోను చేరగలదు. ఐరోపా సమితివారు 2018లో దానిని, దాని తోడివి మరి రెండింటిని ఆరుబయట వాడరాదని నిషేధించిరి. భవనముల తోటలయందు మందుల వాడుక తగ్గించుటకు పరీక్షలు మార్కులిచ్చుట ముఖ్యముగా మనుష్యుల కొరకే. ఆ తోటలో కలుపు తీయుటకు పోవువారును మన గ్రామములవారే గదా! ఎత్తైన భవనముల చూరులకు పెద్ద తేనెపట్లు పట్టినప్పుడు రాత్రివేళ కాల్పించుట యొక దురలవాటు. ఆ జాతి ఈగలు పూతకాలము ముగియగనే తమంతట లేచిపోవును. బడిపిల్లలు తిరుగు చోటనైన నేర్పరిని పిలిపింపవలసినదే. పదవ అంతస్తున నున్నదాని జోలి యెవరికి?

కట్టువారు గ్రామమునకు వచ్చి మాటలాడినప్పుడు మీరు మూడు సంగతులడుగవచ్చును. గోడవెంట నేమి నాటుదురు? ఏ మందు ఏ వేళ చల్లుదురు? రాత్రి దీపములు ఎటు చూచును? పలక కోరువారికి ఈ ప్రశ్నలు భారము కావు, మార్కులు. కోనోకార్పస్ నాటుదుమని చెప్పినచో, 2022లో రాష్ట్ర ప్రభుత్వమే దానిని వలదన్న మాట జ్ఞాపకము చేయుడు. కానుగ, వేప వేసవిలోను, రేగు వానలు వెనుకబట్టునప్పుడును పూచును. తంగేడు బతుకమ్మనాటికి గట్లనిండ నుండును. గండుతుమ్మెద దానిని విడువదు.

మొక్కలెచ్చటివని వారడుగవచ్చును. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టమును బట్టి ప్రతి పంచాయతీకి నారుమడి యుండవలెను, నాటినవానిలో నూటికి 85 బ్రదుకవలెను. ఆ నారుమడిలోనే వీనిని పెంచి యుంచుకొనుడు. కానుగ, తంగేడు గింజలు కొన్నాళ్లు నిలువయుండినను చింత లేదు. వేపగింజ యట్లు కాదు. రాలిన కొలది వారములకే మొలకెత్తు శక్తిని గోల్పోవును గనుక, పండు రాలిన వెంటనే గుజ్జు కడిగి, నీడ నారబెట్టి, ఆలసింపక నాటింపుడు.