పెన్న నీరు ఎక్కడిది?



పెన్న నది కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టింది. 597 కిలోమీటర్లు పారి, నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు దీనిలో కలుస్తాయి. ఈ ఏర్లలోకి వాన నీరు పారే నేలంతా పెన్న పరీవాహక ప్రాంతం.

ఎగువన అనంతపురం వైపు వాన తక్కువ. మెట్ట చేలల్లో వేరుశనగ వేస్తారు. దిగువన నెల్లూరులో కాలువ నీటితో వరి పండిస్తారు.

కొండ మీద చెట్లు కొట్టేస్తే వాన నీరు నిలవదు. మంచి మన్ను కొట్టుకుపోతుంది. ఆ మన్నుతో చెరువు పూడుతుంది. చెరువు పూడితే బావి ఎండుతుంది. బిందె పట్టుకుని దూరం నడిచేది ఎవరు? ఆడవాళ్లే కదా!

అందుకే వాలుకు అడ్డంగా దున్నాలి. చేనుకు గట్లు వేయాలి. గట్టు మీద కానుగ నాటాలి. పై చేలో నీరు ఇంకితే కింది బావి ఊరుతుంది. ఇది ఒక్కరి వల్ల కాదు. ఊరంతా కలవాలి.