ఆనకట్ట లేని టోర్నె నది

నదికి ఉపయోగమేమి యని అడిగినచో మనము సాధారణముగా పంటను, విద్యుత్తును, పడవను పేర్కొందుము. ఈ లెక్కకు పూర్తిగా లొంగని నది యొకటి ఐరోపా ఉత్తరపు కొసన గలదు. దాని పేరు టోర్నె.

స్వీడను పర్వతములలోని టోర్నెట్రాస్క్ సరస్సు నుండి వెలువడి, సుమారు 520 కిలోమీటర్లు ప్రవహించి, ఇది బోత్నియా సింధుశాఖ తలాపున సముద్రమును చేరును. శీతకాలమంతయు నీరు గడ్డకట్టి యుండును. నదులు సముద్రతీరమున పాయలగుట మన మెరిగినదే. టోర్నె నడిదారిలోనే చీలి, తన నీటిలో దాదాపు సగమును టారెండో పాయ ద్వారా పొరుగున నున్న కాలిక్స్ నదికి ఇచ్చివేయును.

మువోనియో నది వచ్చి కలిసిన చోటు మొదలు సముద్రము వరకు టోర్నెయే స్వీడను, ఫిన్లాండు దేశములకు సరిహద్దు. పూర్వము రెండు గట్లును ఒకే రాజ్యము. 1809లో స్వీడను యుద్ధమున ఓడి ఫిన్లాండును రష్యాకు వదలుకొనగా, ఒకే మాట, ఒకే చుట్టరికము గల ఊళ్లు రెండు రాజ్యముల పాలయ్యెను. నేటికిని కుక్కోల యను పేర ఈ గట్టున నొక ఊరు, ఆ గట్టున నొక ఊరు కలవు. వాని నడుమ నీరు రాళ్లపై ఉరవడిగా దుముకుచుండును. వేసవిలో జాలరులు ప్రవాహము మీదికి కొయ్యమంచెలు కట్టి, నిడుపైన కోలకు అమర్చిన వలతో సీకా యను చేపను పట్టుదురు. పట్టినదానిని పాత కట్టుబాటు ప్రకారము ఊరివారు పంచుకొందురు.

తూర్పున పొరుగుననే కెమి నది గలదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము సోవియట్ యూనియనుకు వదలిన ప్రాంతములతో పాటు ఫిన్లాండు కొన్ని జలవిద్యుత్కేంద్రములను కోల్పోయెను. ఆ లోటు తీర్చుటకై 1940ల చివర కెమి ముఖద్వారము చెంత ఇసోహారా కేంద్రమును నిర్మించిరి. తరువాత ఎగువన మరికొన్ని లేచినవి. దేశమునకు వెలుగు వచ్చినది. కాని గ్రుడ్లు పెట్టుటకై సముద్రము నుండి ఎదురీది వచ్చు సాల్మను చేపకు దారి మూసికొనిపోయినది.

టోర్నె ప్రధాన ప్రవాహమునకు అట్టి అడ్డు లేదు. అందుచేత బాల్టిక్ సముద్రపు సాల్మనుకు ఇది గొప్ప పుట్టినిల్లయినది. అయినను 1980 ప్రాంతమున సముద్రములో మితిమీరి పట్టుటచే ఇచ్చటను చేప అరుదయ్యెను. వేటకు హద్దులు పెట్టగా మరల వృద్ధి పొందెను. 2023, 2024 సంవత్సరములలో ఏరెక్కి వచ్చిన చేపల సంఖ్య మరల బాగుగా తగ్గినది.

కెమి మీద ఇసోహారా వద్ద 1993లో చేపలెక్కుటకు మెట్లదారి యొకటి కట్టిరి. దానిని దాటిన చేపకు ఎగువ ఆనకట్టలు ఎదురగును. మూసిన దారిని తెరచుట యెంత కష్టమో కెమి మనకు చెప్పుచున్నది. తెరచియున్న దారికి సముద్రములో సైతము కాపలా వలయునని టోర్నె చెప్పుచున్నది.