కారు బ్రేకులు మార్చవలసిన వేళ

కారు కొనబోవువారు లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు నడుచునని అడుగుదురు. రంగు చూతురు; లోపలి చల్లదనము చూతురు; వెనుక డిక్కీలో ఎన్ని పెట్టెలు పట్టునో చూతురు. ఎంత దూరములో ఆగునని అడుగువారు మాత్రము అరుదు. కదలుట ఎట్లు కారు గుణమో ఆగుటయు అట్లే దాని గుణము. ఆ గుణము దినదినము కొంచెము కొంచెముగా అరిగిపోవుచుండును. అరిగినప్పుడు మనకు ముందుగా కబురు చెప్పును. ఆ కబురు విని సకాలమున బ్రేకులు మార్పించుకొనుట ఎట్లో ఈ ప్రసంగములో మనవి చేయదలచితిమి.

సూళ్లూరుపేట ప్రాంతము వారికి ఈ విషయము మరింత అవసరము. ఈ ఊరు చెన్నై నుండి కలకత్తా పోవు 16వ నంబరు జాతీయ రహదారి మీద నున్నది. ఉత్తరమున నెల్లూరికి పోయినను, దక్షిణమున చెన్నైకి పోయినను దారి అంతయు సమతలము. తూర్పున పులికాటు సరస్సు మీదుగా శ్రీహరికోటకు పోవు బాటయు చదునైనదే. ఇట్టి దారులలో బ్రేకుకు పని తక్కువ. పని తక్కువైనచోట బలహీనత బయటపడదు. ఆ కారే ఒక సెలవునాడు ఐదుగురు మనుషులతో, సామానులతో నాయుడుపేట, శ్రీకాళహస్తి, రేణిగుంటల మీదుగా తిరుమలకు పోవును. కొండ ఎక్కుట ఇంజనుకు పరీక్ష, దిగుట బ్రేకుకు పరీక్ష. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడినవి. నేడు రెండవదారిని ఎక్కి, మెలికలు తిరిగిన మొదటిదారిని దిగుచున్నాము. ఇంటి యొద్ద చూడని లోపమును ఆ మలుపులలో కనుగొనుట ఎంత ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు.

బ్రేకు చేయు పని యేమి? చక్రముతోపాటు తిరుగు ఇనుప పళ్ళెమును, అనగా డిస్కును, రెండు ప్యాడ్లు ఇరువైపుల నుండి ఒత్తి పట్టును. వెనుక చక్రములకు డ్రమ్ము ఉన్నచో, దానిలోపలి షూలు వెలుపలికి విచ్చుకొని డ్రమ్మును ఒరయును. ఈ ఒరపిడిలో కారు వేగము వేడిగా మారును. తిరుమలకును తిరుపతికిని ఎత్తులో భేదము సుమారు 700 మీటర్లు. అందరితో కలిసి 1,500 కిలోల బరువు తూగు కారు అంత ఎత్తునుండి దిగునప్పుడు వదలవలసిన శక్తి, వేడిగా మారినచో, ముప్పది లీటర్ల చన్నీటిని తెర్లించుటకు చాలును. అందులో కొంత ఇంజనును, కొంత గాలియు, రోడ్డు రాపిడియు తీసికొనును. మిగిలినదంతయు అరచేతిలో ఇముడునంతటి ప్యాడ్లును, షూలును భరింపవలెను. అవి పలుచబడిన కొలది ఆ వేడి లోపలి బ్రేకు ఆయిలు వరకు సులువుగా ప్రాకును.

అరుగుట బ్రేకు దోషము కాదు, అది దాని ధర్మము. 1888లో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను ఇల్లాలు తన ఇద్దరు కుమారులతో భర్త నిర్మించిన మోటారు బండిలో మన్‌హైము నుండి ఫోర్‌ట్స్‌హైముకు ప్రయాణము చేసినది. దారిలో బ్రేకు కట్టెలు అరిగిపోగా ఆమె చెప్పులు కుట్టువానిచేత వానికి తోలు కొట్టించినది. నేటి లైనింగునకు ఆ తోలే పూర్వరూపము. బండిని నిలుపుటకై అరిగిపోవు వస్తువును అడ్డుపెట్టుట, అది అరిగినంతనే మార్చుట అను పద్ధతి నేటికిని మారలేదు.

ఇక కబురు ఏయే రూపములలో వచ్చునో చూతము. మొదటిది చెవికి వచ్చునది. పెక్కు ప్యాడ్లలో చిన్న ఇనుప నాలుక యొకటి అమర్చియుందురు. లైనింగు రెండు మూడు మిల్లీమీటర్లకు దిగినప్పుడు ఆ నాలుక డిస్కును తాకి కీచుమని అరచును. అద్దములు ఎత్తి, ఏసీ వేసి, పాటలు పెట్టుకొని పోవువారికి ఆ అరపు వినబడదు. కావున వారమునకొకసారి అద్దములు దింపి, గోడ ప్రక్కగా మెల్లగా నడిపి, బ్రేకు నొక్కి వినుడు. గోడ ఆ చప్పుడును తిరిగి మన చెవికి చేర్చును. ఆ కొద్దిసేపు కారులోని రేడియోను కూడ కట్టివేయుడు. ఈ మాట రేడియోలోనే చెప్పవలసి వచ్చినందుకు శ్రోతలు మన్నింతురుగాక.

ఇక్కడ ఒక భేదము గమనింపవలెను. పులికాటు మీదినుండి వచ్చు ఉప్పుగాలికి, మంచు తేమకు, రాత్రి వెలుపల నిలిపిన కారు డిస్కుల మీద పలుచని తుప్పు పట్టును. ఉదయమున మొదటి నాలుగైదు నొక్కులకు గీచుకొను చప్పుడు వచ్చి తరువాత పోయినచో భయపడనక్కరలేదు. రోజంతయు ఉన్నచో ప్యాడ్లు చూపించుకొనవలెను. కీచుమను చప్పుడు పోయి గరగరమని ఇనుము ఇనుమును కోయు చప్పుడు వచ్చినచో లైనింగు పూర్తిగా పోయినదన్నమాట. అప్పుడు కారును కదల్పక మెకానిక్కునే పిలిపించుట మేలు.

రెండవ కబురు కాలికి వచ్చును. పెడలు మునుపటికన్న లోతుకు దిగుచున్నదా? మెత్తగా, దూదిని నొక్కినట్లున్నదా? అట్లయిన ఆయిలు గొట్టములలో గాలి చేరియుండవచ్చును, లేక ఆయిలు కారుచుండవచ్చును. నిలిపియున్న కారులో ఇంజను నడుచుచుండగా పెడలును అరనిమిషము నొక్కి పట్టుడు. అది మెల్లమెల్లగా క్రిందికి జారుచున్నచో ఆనాడే షెడ్డుకు చూపవలెను. నొక్కినప్పుడు పెడలు వణకుచున్నచో డిస్కు ఎగుడుదిగుడైనదని తలపవచ్చును. స్టీరింగు ఒక ప్రక్కకు లాగుచున్నచో రెండు చక్రముల బ్రేకులు సమముగా పట్టుట లేదని అనుమానింపవలెను. అయితే ఏబీఎస్ ఉన్న కార్లలో హఠాత్తుగా గట్టిగా నొక్కినప్పుడు పెడలు దడదడలాడుట సహజము. అప్పుడు కాలు తీయరాదు.

మూడవది కంటికి, నాలుగవది ముక్కునకు. చక్రపు సందులనుండి టార్చిలైటు వేసి చూచినచో పెక్కు కార్లలో ప్యాడు అంచు కనబడును. కొత్త ప్యాడు లైనింగు సుమారు పది మిల్లీమీటర్లుండును. మూడు మిల్లీమీటర్లకు దిగినచో మార్చవలెను. వెలుపలి ప్యాడు బాగున్నంతమాత్రమున లోపలిది బాగున్నదని నమ్మరాదు. డ్రమ్ములోని షూలు కనబడవు గనుక సర్వీసు చేయించినప్పుడెల్ల విప్పించి చూడవలెను. ముందుభాగమున బ్రేకు ఆయిలు డబ్బా మీద కనిష్ఠ, గరిష్ఠ గీతలుండును. ప్యాడ్లు అరిగిన కొలది ఆయిలు మట్టము దిగును. మట్టము దిగినదని ఊరక ఆయిలు పోసి సంతృప్తి పడుట కబురు తెచ్చినవాని నోరు మూయుటవంటిది. హ్యాండ్ బ్రేకు దింపిన తరువాతయు ఎఱ్ఱదీపము వెలుగుచున్నచో ప్రయాణము మానవలెను. చదునైన దారిలో నడిచి నిలిపినప్పుడు ఒక చక్రము నుండియే మాడు వాసన, సెగ వచ్చుచున్నచో ఆ బ్రేకు పట్టుకొని విడువకున్నదని తెలియును.

ఎన్ని కిలోమీటర్లకు మార్చవలెనని పెక్కురు అడుగుదురు. ఊరి సందులలో తిరుగు కారుకు 20 వేల కిలోమీటర్లకే అరిగిన ప్యాడ్లు, రహదారిలో పోవు కారుకు 60 వేలు మన్నవచ్చును. కావున కిలోమీటర్ల లెక్కకన్న మిల్లీమీటర్ల లెక్క నమ్మదగినది. విద్యుత్తు కార్లలో మోటారే వేగమును చాలవరకు తగ్గించును గనుక ప్యాడ్లు ఎక్కువకాలము నిలుచును. కాని పనిలేని బ్రేకు తుప్పు పట్టి బిగిసికొనును. ఉప్పుగాలి ప్రాంతమున వానినిగూడ విప్పించి చూడవలెను.

ప్యాడ్లు కొత్తవైనను ఆయిలు పాతదైనచో క్షేమము లేదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 4 రకపు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసము 230 డిగ్రీల సెల్సియసు వరకు మరుగకుండును. తేమ చేరిన పిదప ఆ హద్దు 155 డిగ్రీలకు దిగవచ్చును. కొండదారిలో వేడెక్కిన ఆయిలు మరిగి ఆవిరి పుట్టినచో, కాలి బలమంతయు ఆ ఆవిరిని నొక్కుటకే చాలును, చక్రమును చేరదు. పెడలు నేలకు ఆనును, బండి ఆగదు. కావున సాధారణముగా రెండేండ్లకొకసారి, లేక కారు పుస్తకములో చెప్పిన గడువునకు, ఆయిలు మార్పించుడు.

మార్పించునప్పుడు ఒక చక్రమునకే మార్పింపరాదు. కుడియెడమలకు రెండింటికిని ఒకేసారి మార్పవలెను. డిస్కు కనీసపు మందము దానిమీదనే చెక్కియుండును. అంతకు దిగినచో డిస్కును కూడ మార్పవలెను. తీసిన పాత ప్యాడ్లను చేతికి ఇమ్మని అడిగి, మీ కంటితో చూడుడు. పని ముగిసిన తరువాత కారు కదలకముందే పెడలు గట్టిపడువరకు పలుమారులు నొక్కవలెను. కొత్త ప్యాడ్లు డిస్కుతో ఒరసి కుదురుకొనుటకు రెండు మూడువందల కిలోమీటర్లు పట్టును. కావున కొత్త ప్యాడ్లు వేయించిన మరునాడే కొండకు బయలుదేరుట తగదు, వారము పదిదినముల ముందే వేయింపవలెను. ప్యాడ్లతో పోవుదానిని వాయిదా వేసినచో డిస్కులవరకు వచ్చును. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనుట యనగా ఇదియే.

కొండ దిగునప్పుడు తక్కువ గేరులో దిగుడు. పెట్రోలు మిగులునని న్యూట్రలు చేయుటయు, ఇంజను ఆపుటయు ప్రాణాపాయము. ఇంజను ఆగినచో రెండు మూడు నొక్కులలో పెడలు రాయివలె బిగియును. పాదము బ్రేకు మీదనే ఉంచక, నొక్కి వేగము తగ్గించి, విడిచి చల్లారనిండు. మాడు వాసన వచ్చినచో క్షేమమైన తావున నిలిపి చల్లార్చుడు. వేడి డిస్కుల మీద నీరు పోయకుడు.

సమతలమున పోవువారికిని ఒక మాట. గంటకు 80 కిలోమీటర్ల వేగములో కారు క్షణమునకు 22 మీటర్లు పోవును. ముందు లారీ ఆగినదని కన్ను గుర్తించి కాలు పెడలు మీదికి వచ్చునంతలోనే అంతదూరము జరిగిపోవును. అటుపిమ్మట మిగిలిన దూరమే బ్రేకు వంతు. అరిగిన బ్రేకుకు ఆ దూరము చాలదు.

కొత్త కారును గుడి ముందు నిలిపి చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టించుట మన వాడుక. ఆ చక్రము క్షేమముగా తిరిగిరావలెనన్నదే అందలి కోరిక. ఆ కోరికకు తోడుగా ఆరునెలలకొకసారి ఆ చక్రమును విప్పించి లోపలి బ్రేకును చూపించుకొనుడు. కొండనుండి తిరిగివచ్చుదారిలో వెనుక సీటున తల వాల్చి నిద్రించు పిల్లలకును, ముసలివారికిని బ్రేకు సంగతి తెలియదు. నడుపువాడు చూచియుండునన్న నమ్మకముతోనే వారు నిద్రింతురు.