మగపిల్లల తడబాటు - మన నవ్వు



ఆడపిల్లల హక్కుల సభలో మగపిల్లల హాస్య కథల ఊసెందుకని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది.

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా బస్టాపుల్లో నిలబడే పదిహేనేళ్ళ కుర్రాళ్ళను చూడండి. గొంతు మారుతుంటుంది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆ ఇబ్బంది గురించి వాళ్ళతో మాట్లాడేదెవరు? తండ్రి షిఫ్టులో ఉంటాడు. పాఠం చెప్పేది సినిమా. వెంటపడితే ప్రేమ, కాదంటే పొగరు అంటుంది. హీరో తడబడినా నవ్వులపాలయ్యేది అమ్మాయే. ఒకడు వెంటపడితే చదువు ఆగిపోయేదీ, పెళ్ళి మాటలు మొదలయ్యేదీ మన పిల్లకే.

మన సాహిత్యంలో వేరే నవ్వు ఉంది. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. ఇంగ్లండు బయలుదేరిన మొగల్తూరు కుర్రాడు తెలియక ఆడవాళ్ళ టోపీ కొనుక్కుంటాడు. తన అమాయకత్వాన్ని తానే చెప్పి నవ్విస్తాడు. తనను చూసి తాను నవ్వుకోగలవాడికి పరువు కోసం ఆడపిల్లను అల్లరిపెట్టే అవసరం ఉండదు.

అయితే పార్వతీశం ఇంగ్లండు వెళ్ళగల ఇంటివాడు. మనకు కాంట్రాక్టు కార్మికుడి కొడుకు కథ కావాలి. నామిని చిత్తూరు యాసలో తన పల్లె బాల్యాన్ని రాసినట్టు, ఇక్కడి యాసలో రావాలి.

వెంటపడడం 2013 నుంచి ప్రత్యేక నేరం. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. ఆ చట్టాన్ని వదులుకోం. కాని చట్టం నేరం జరిగాక వస్తుంది, కథ ముందే వెళ్ళగలదు. మన కేంద్రాల్లో మగపిల్లల చేత చదివించండి, రాయించండి. ఒక్కటే షరతు: ఆ కథలో ఆడపిల్ల నవ్వులపాలు కాకూడదు, ఆమె కూడా నవ్వాలి.