ఇంటివద్ద లోహములకు మెరుగు: గాజుపూసల పద్ధతి

(నౌపడలో గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తుప్పును గూర్చి నౌపడవారికి క్రొత్తగా చెప్పవలసినది లేదు. ఉప్పుమడుల మీదుగా వీచు గాలి తలుపు గొళ్లెమును, సైకిలు చైనును, పంపుసెట్టు భాగములను ఒక్క వానకాలములోనే ఎర్రబరచును. మనము ఉప్పుకాగితముతో రుద్దుదుము. దానికా పేరెట్లు వచ్చినదో గాని, ఉప్పు చేసిన పాపమును కడుగుటకు ఉప్పుకాగితమునే వాడుచున్నాము! అయితే మరల చుట్టులోనికి, చెక్కడపు గీతల మధ్యకు ఆ కాగితము పోదు.

అట్టి చోట్లకు పోవునది గాలితో ఊదబడిన రవ్వ. అమెరికాలో టిల్గ్మన్ అనునతడు 1870లో ఇసుకను వేగముగా చిమ్మి గట్టి వస్తువులను గీయు పద్ధతికి పేటెంటు పొందెను. అందుండియే నేటి బీడ్ బ్లాస్టింగు వచ్చినది. ఇందు ఇసుకకు బదులు సన్నని గుండ్రని గాజుపూసలను వాడుదురు. ఇసుక కోయును, పూస కొట్టును. కావున లోహము అరుగుట తక్కువ. మీదనున్న మురికి, చిలుము, పలుచని తుప్పు పోయి వెన్నెలవంటి మందమైన మెరుపు మిగులును. ఇత్తడికిని, అల్యూమినియమునకును ఇది మిక్కిలి తగును. ఇత్తడి పనికి పేరుగన్న బుడితి మన జిల్లాలోనే యున్నది గదా; పాత ఇత్తడి సామాను బాగుచేయు పని ఇంటివద్ద పెట్టుకొందుమని కోరు యువకులు మీ వద్దకు వచ్చిన, నవ్వి పంపివేయకుడు. కాని ఒక ప్రశ్న తప్పక అడుగుడు: "నాయనా, చిమ్మునది ఏమి?"

"ఇసుక" అని చెప్పినయెడల ఒప్పుకొనకుడు. ఈ ఒక్క మాట కొరకే నేనింత దూరము వచ్చితిని. భావనపాడు తీరము దాపుననే యున్నది, ఇసుకకు ధర లేదు, కావున ఆశ సహజము. కాని ఇసుకలోని క్వార్ట్జ్ రవ్వ లోహమునకు తగిలి కంటికి కనపడని ధూళియగును. ఆ ధూళి ఊపిరితిత్తుల అడుగునకు చేరి మచ్చలు కట్టును. దీనినే సిలికోసిస్ అందురు. మచ్చలను మాన్పు మందు లేదు. పని మానిన పిమ్మటను రోగము ముదురవచ్చును. క్షయ సులభముగా తోడగును. మధ్యప్రదేశములోని మందసౌర్‌లో పలకబలపములు కోసిన పనివారు నడివయస్సు రాకమునుపే ఈ రోగమున కూలిరి. బ్రిటనులో పోతసామాను శుభ్రపరచుటకు ఇసుకను చిమ్మరాదని 1949లోనే నిషేధించిరి. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఈ రోగమును ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధుల పట్టికలో చేర్చినది. ఇంటి వసారాలో పని చేయువాని చెంతకు ఏ ఇన్‌స్పెక్టరును రాడు, మీరే చూడవలెను. మన తీరపు ఇసుకలో గార్నెట్ ఉన్నదిగదా, అది వాడదగినదే గదా యని కొందరు వాదింతురు. వేరుచేసి శుద్ధిచేసిన గార్నెట్ వేరు, తవ్వి తెచ్చిన తీరపు ఇసుక వేరు. రెండవదానిలో క్వార్ట్జ్ కలిసియే యుండును.

గాజుపూసలో ఆ స్ఫటికపు సిలికా లేదు. అయినను పగిలిన పూస, తుప్పు, పాత రంగు ధూళియై లేచును. పాత రంగులో సీసము ఉండవచ్చును. కావున ఆరుబయట వేపచెట్టు క్రింద ఊదుట పనికిరాదు. రేకుతోనో ప్లైవుడ్డుతోనో మూతగల పెట్టె కావలెను. ముందు గాజు కిటికీ, చేతులు దూర్చుటకు రెండు పొడుగు రబ్బరు తొడుగులు, అడుగున జల్లెడ, దాని క్రింద పూసలు జారిపడు గరాటు, ప్రక్కన ధూళిని పీల్చి వడపోయు గొట్టము. పెట్టె తెరచునప్పుడు మంచి మాస్కు ధరింపవలెను. తలగుడ్డ ముక్కునకు చుట్టుకొనుట చాలదు. పెట్టెకు ఎర్తు తీగ వేయకున్న చేతికి చురుక్కుమనును.

ఇక గాలి సంగతి. నేను మొదట టైర్లకు గాలి కొట్టు చిన్న కంప్రెసరుతో ప్రారంభించితిని. రెండు నిమిషములు పూసలు, పిదప నీరు చిమ్మినది! పూసలన్నియు అట్లపిండివలె ముద్దకట్టెను. చిన్న నాజిలునకైనను నిమిషమునకు పది, పదిహేను ఘనపుటడుగుల గాలి కావలెను. ఒక హార్స్‌పవరు యంత్రము ఇచ్చునది మూడు, నాలుగు మాత్రమే. అది విరామము లేక తిరిగి వేడెక్కును, తీరప్రాంతపు చెమ్మగాలి గొట్టములో చల్లబడి నీరగును. మూడు హార్స్‌పవరుకు తగ్గని యంత్రము కావలెను. టాంకు నీటిని ప్రతి ఉదయము వదలవలెను. గొట్టమునకు నీరు పట్టు పాత్ర అమర్చవలెను. పీడనము చదరపు సెంటీమీటరునకు మూడు, నాలుగు కిలోలు చాలును. అంతకు హెచ్చించిన పూసలు త్వరగా పగులును. నాజిలును జానెడు దూరమున కొంచెము వాలుగా పట్టుట మేలు.

పొరలుగా లేచిన తుప్పును పూస తీయలేదు. దానిని ముందుగా సుత్తితోను తీగె బ్రష్షుతోను రాల్చవలెను. నూనె అంటియున్న సోడానీట కడుగవలెను.

ఈ ఊరివారికి ముఖ్యమైనది మరొకటి కలదు. ఉప్పు అంటిన ఇనుమును కడుగక ఊదినచో ఉప్పు గుంటలలోనే దాగి, పైన రంగు వేసినను లోపల తన పని తాను చేసికొనుచుండును. కడిగి ఊదిన ఇనుము సహితము రంగులేని దిగంబరి. ఒక్క రాత్రి ఈ గాలిలో ఉంచిన తెల్లవారుసరికి ఎర్రబడును. కావున ఊదిన నాడే ప్రైమరు పూయవలెను. ఇత్తడికి వార్నిషు చాలును.

పెట్టె బయట వసారాలో ఉంచితిని. గొళ్లెమో మరయో తెచ్చినవారు ముందు మంచినీట కడిగి, ఎండలో ఆరబెట్టి తెండు.