పచ్చగా ఉండాలంటే

(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగపాఠం)

పెద్దవాళ్ళు దీవించేటప్పుడు "మీ ఇల్లు పచ్చగా ఉండాలమ్మా" అంటారు. కాపురం చక్కగా సాగుతుంటే పచ్చని సంసారం అంటాం. మన భాషలో పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. పసుపుపచ్చ, ఆకుపచ్చ అని విడదీసి చెప్పుకుంటే తప్ప తేడా తెలియదు. పచ్చి అన్న మాట కూడా దానికి చుట్టమే. తడి ఆరనిది, జీవం ఉన్నది అని దాని భావం. ఆ పచ్చదనాన్ని నేను రంగు డబ్బాలో వెతకబోయి కొంచెం అభాసుపాలయ్యాను. ఆ సంగతే ఇవాళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

కిందటేడు మా అత్తయ్యగారు జారిపడితే తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేశారు. ఆవిడను ఇంటికి తీసుకొచ్చేలోగా మధ్యగదికి రంగు వేయించాలని నేనే పట్టుబట్టాను. ఆకుపచ్చ మనసుకు చల్లన, రోగులకు మంచిది అని ఎక్కడో విన్నాను లెండి. "తెల్లసున్నం చాలదూ?" అని మావారు అన్నా వినలేదు. నాలుగు గోడలకీ చిలకపచ్చ వేయించాను. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడ వైపు ఉంది. పగలు కూడా లైటు వేసుకోవాల్సిందే.

మూడో రోజు నుంచీ ఆవిడ అన్నం సరిగా తినడం మానేశారు. పప్పు చూసి "నిన్నటిదా?" అనేవారు. పాలు చూసి "విరిగాయా?" అనేవారు. తెల్లారుజామునే లేచి వేడివేడిగా చేసి పెడుతున్నానే అని నాకు కష్టంగా ఉండేది. ఒకనాడు చేతి అద్దం అడిగి పుచ్చుకుని, చాలాసేపు చూసుకుని, "నా మొహంలో కళ పోయిందే అమ్మాయ్. ఇక నేను లేవను" అన్నారు. గుండె జల్లుమంది. అద్దం అందుకుంటూ నా మొహం కూడా చూసుకున్నాను. నా మొహమూ అలాగే ఉంది!

అప్పటికి గాని నాకు తెలిసిరాలేదు. తప్పు నా వంటదీ కాదు, ఆవిడ ఒంటిదీ కాదు. గోడ మీద పడిన వెలుతురు ఆ గోడ రంగును కొంత మోసుకునే తిరిగి వస్తుంది. నాలుగు గోడలూ చిలకపచ్చ అయితే ఆ వెలుతురు అన్నం మీదా, పాల మీదా, మనిషి మొహం మీదా పడుతుంది. పైగా పగటి వెలుతురులో మన కన్ను అన్నిటికంటే తేలిగ్గా పట్టుకునేది పసుపు కలిసిన ఆకుపచ్చనే. అంచేత చిలకపచ్చ గోడలు చల్లగా ఊరుకోవు, కేకలు పెడతాయి. ఆ సాయంత్రమే మంచం వీధిగదిలోకి మార్చాం. అక్కడేమయిందో తర్వాత చెబుతాను.

మరి ఆస్పత్రుల్లో డాక్టర్లు ఆకుపచ్చ గౌన్లు వేసుకుంటారు గదా, అని మీరు అడగవచ్చు. నేనూ అదే చూసి మోసపోయాను. దాని కథ వేరు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో హ్యారీ షెర్మన్ అనే సర్జన్ 1914లో తన ఆపరేషన్ గదిని ఆకుపచ్చగా మార్చిన సంగతి రాశారు. అంతకుముందు అంతా తెలుపే. ఎర్రని నెత్తురు వంక గంటలకొద్దీ చూసి తెల్లగోడ వైపు తిరిగితే కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి. మీరూ ఇంట్లో చూడవచ్చు. ఎర్రని కుంకుమభరిణె వంక అర నిమిషం రెప్పవాల్చకుండా చూసి, తెల్లగోడ కేసి చూడండి. నీలం కలిసిన ఆకుపచ్చ నీడ ఒకటి తేలుతుంది. గోడలూ గుడ్డలూ ఆకుపచ్చవే అయితే ఆ నీడ అంతగా తెలియదు. అంటే ఆ రంగు సర్జన్ కళ్ళ కోసం వచ్చింది గాని, రోగి మనశ్శాంతి కోసం కాదు.

ఇంకో సందేహం. ఆకుపచ్చ పక్కన తిండి బాగుండదంటే, అరిటాకులో భోజనం అంత కళగా ఎందుకుంటుంది? తెల్లని అన్నం, పసుపుపచ్చని పప్పు, ఎర్రని ఆవకాయ ఆకు మీద వడ్డిస్తే ఒక్కొక్కటీ వెలిగిపోతుంది. ఎందుకంటే ఆకు కింద ఉంటుంది, వెలుతురు పైనుంచి వస్తుంది. రంగు పక్కన రంగు ఉండటం వేరు, రంగు వెలుతురులో మునగడం వేరు. ఫ్రాన్సులో గోబెలిన్ నేతశాలలో అద్దకపు విభాగానికి షెవ్రోల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1824లో అధికారిగా వచ్చాడు. నల్లదారం వెలిసినట్టుందని అక్కడ ఫిర్యాదులుండేవి. తీరా చూస్తే దారంలో లోపం లేదు, దాని పక్కన నేసిన రంగుల వల్ల అలా కనిపిస్తోంది. ఆ విషయం మీద 1839లో ఆయన పెద్ద పుస్తకమే వేశాడు. ఆకుపచ్చ చీరకు ఎర్రంచు ఎందుకు నప్పుతుందో మన నేతగాళ్ళకు పుస్తకం లేకుండానే తెలుసు!

ఇక వీధిగది సంగతి. దాని గోడలు మామూలు మీగడరంగే. కాని కిటికీకి ఎదురుగా వేపచెట్టు ఉంది. అత్తయ్యగారు పొద్దున్నే ఉడతలను లెక్కపెట్టేవారు. "ఇవాళ చిగురేసింది చూశావా?" అని నన్ను పిలిచేవారు. వారం తిరక్కుండా మారు వడ్డించమన్నారు. చెట్టే నయం చేసిందని నేననను. మందులున్నాయి, వ్యాయామం ఉంది, రోజులు గడవడమూ ఉంది. కాని అమెరికాలో రోజర్ ఉల్రిక్ అనే ఆయన 1984లో ప్రకటించిన పరిశీలన ఒకటుంది. పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషన్ అయినవారి కాగితాలు చూసి, అన్నివిధాలా పోలినవారిని 23 జతలుగా ఎంచాడు. జతలో ఒకరి కిటికీలోంచి చెట్లు, రెండోవారికి ఇటుకగోడ కనిపించేవి. చెట్లు చూసినవారు సగటున 7.96 రోజులకూ, గోడ చూసినవారు 8.70 రోజులకూ ఇళ్ళకు వెళ్ళారు. చెట్లు చూసినవారికి గట్టి నొప్పిమందులూ తక్కువే పట్టాయి. చిన్న పరిశీలనే అయినా ఆలోచించదగ్గది. ఫలానా రంగు పూస్తే కోపం పోతుంది, చదువు వస్తుంది అని చెప్పేవారు చాలామంది ఉన్నారు గాని, అంత గట్టిగా తేలిందేమీ లేదు.

అంచేత నేను నేర్చుకున్నవి నాలుగు మాటలు చెబుతాను. గోడకు రంగు వేయించేముందు రెండడుగుల అట్టముక్కకు పూసి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు కింద చూడండి. వెలుతురు తక్కువ గదికి గోడలు మీగడరంగులో ఉంచి, ఆకుపచ్చను దుప్పట్లోనో, తెరలోనో, ఒక్క గోడలోనో పెట్టుకోండి. అదీ బూడిదరంగు కలిసిన లేత పెసరరంగయితే మేలు. వంటింట్లో, భోజనాల దగ్గర, అద్దం దగ్గర ముదురు పచ్చగోడలు వద్దు. చీరకు జాకెట్టు గుడ్డ కొనేటప్పుడు కొట్టు గుమ్మం దాకా వచ్చి పగటి వెలుతురులో చూడటం మనకు అలవాటే. గోడకూ ఆ మర్యాదే చేయండి.

అన్నిటికంటే చవకైనది చివర చెబుతున్నాను. జబ్బుమనిషి మంచాన్ని కిటికీ వైపు తిప్పండి. చెట్టు లేకపోతే కిటికీలో ఒక కుండీ పెట్టి గుప్పెడు ధనియాలు నలిపి చల్లండి. రెండు మూడు వారాల్లో కొత్తిమీర కనిపిస్తుంది.

మధ్యగదికి మళ్ళీ రంగు వేయించాం. రెండుసార్లు ఖర్చయింది. మావారు ఒక్కమాటా అనలేదు. అనకపోవడమే అనడం! అత్తయ్యగారు ఇప్పుడు చేతికర్రతో నడిచి తులసికి తనే నీళ్ళు పోస్తున్నారు. మొన్న నా పుట్టినరోజుకు దండం పెడితే, "ఇల్లు పచ్చగా ఉండాలమ్మా" అని దీవించి, "గోడలు కాదు సుమా" అన్నారు.